కాగితం మీది పడవ

జూన్ మొదటి వారంలో మా బావమరిది ఫోన్ చేశాడు. గోదావరి ఒడ్డున ఒక చిన్న పంచాయతీకి కార్యదర్శి వాడు. 2019లో ఉద్యోగంలో చేరాడు, ఇప్పటికి మూడు ఊళ్లు మారాడు.

"బావా, ఒక సందేహం. గ్రామంలో అందుబాటులో ఉన్న పడవలు అనే గడిలో ఏం రాయమంటావ్?"

ఎన్నుంటే అన్ని రాయి, ఇందులో సందేహమేముంది అన్నాను.

"కిందటేడు కాగితంలో రెండని ఉంది. అంతకుముందూ రెండే. ఒకటి పాడైపోయి రేవు దగ్గర బోర్లించి ఉంది, దాని కింద కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. రెండోదాన్ని ఓనరు అమ్మేసి హైదరాబాద్ పోయాడు, మీ వైపే ఎక్కడో వాచ్‌మన్‌గా చేస్తున్నాడంట. ఇప్పుడు సున్నా అని రాశాననుకో, పైనుంచి ఫోనొస్తుంది, సున్నా ఏంటి, ప్రత్యామ్నాయం ఏం చూశావ్ అని. రెండని రాస్తే ఎవరూ ఏమీ అడగరు."

వాడు నింపుతున్నది వరద సన్నద్ధత ప్రణాళిక. ఏటా వానలకు ముందు పంపాలి. ఎన్ని ఇసుక బస్తాలు, ఎందరు గజ ఈతగాళ్లు, పునరావాస కేంద్రం ఏ బడిలో, అక్కడ ఎన్ని మరుగుదొడ్లు, జనరేటర్ ఎవరిస్తారు, టార్చిలైట్లు ఎన్ని. వాట్సాప్‌లో నాకూ పంపాడు. చదువుతుంటే ముచ్చటేసింది. ఆ కాగితంలో ఉన్న ఊరే నిజంగా ఉంటే గోదారి దానికి దండం పెట్టి పక్కనుంచి వెళ్లిపోతుంది.

ప్రతి వరద తర్వాతా మనం రెండు మాటలు వింటాం. టీవీలో పెద్దమనుషులు "ముందస్తు ప్రణాళిక లేకపోవడం వల్లే" అంటారు. టీ కొట్టు దగ్గర మనుషులు "ప్లాన్లు ఎవడిక్కావాలండీ, ఆ టైమ్‌కి బుర్ర పనిచేయాలి గానీ" అంటారు. చాలా కాలం నేను టీ కొట్టు పక్షం. ఇప్పుడూ పూర్తిగా మారానని చెప్పలేను. కానీ ఈ పడవ గడి సంగతి విన్నాక, 2022లోనూ 2024లోనూ మా ఇళ్లల్లో జరిగినవి గుర్తు చేసుకున్నాక, రెండు మాటలూ ఒక ముఖ్యమైన చోటు వదిలేసి మాట్లాడుతున్నాయనిపించింది. అదేంటో రాయడానికే ఇంత.

43, 48, 53

మా అత్తగారి ఊరు భద్రాచలం దగ్గర. పెళ్లైన కొత్తలో వానాకాలంలో వెళ్తే, అక్కడ జనం ఒకరినొకరు "ఎంతుంది?" అని పలకరించుకోవడం చూసి నాకు అర్థం కాలేదు. ఎంతుంది అంటే గోదావరి ఎంతుంది అని. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కూరగాయలమ్మే ఆవిడకీ ఆ అంకెలు తెలుసు, ఆటో అబ్బాయికీ తెలుసు. ఎన్ని అడుగులకు ఏ రోడ్డు మునుగుతుందో, ఏ ఊరికి దారి తెగుతుందో ఎవరి లెక్క వాళ్లకుంది. ఎగువన పేరూరు దగ్గర మట్టం విని, రేపు పొద్దుటికి ఇక్కడ ఎంతవుతుందో చెప్పే ముసలాళ్లున్నారు. మా మామగారి లెక్క అర అడుగు అటూ ఇటూగా సరిపోయేది. తప్పినప్పుడు మాత్రం ఆయన దాని గురించి మాట్లాడేవారు కాదు.

నాకు తెలిసిన ప్రణాళికల్లో ఇంత గొప్పది ఇంకోటి లేదు. అది ఫైలులో లేదు, జనం నోట్లో ఉంది. 48 దాటిందంటే కలెక్టరుకీ, లంకలో గేదెలు కట్టేసుకున్న రైతుకీ ఒకేసారి ఒకే అర్థం.

దానికి తోడు అక్కడి ఏజెన్సీ మండలాల్లో ఒక మంచి పద్ధతుంది. వరదలకు ముందే నెలలు నిండిన గర్భిణుల జాబితా తీసి, దారులు తెగకముందే ఆసుపత్రులున్న చోటికి తరలిస్తారు. గోదావరి ఏ రోజున పెరుగుతుందో ఎవరికీ తెలియదు. ఏ అమ్మాయికి ఏ వారంలో పురుడొస్తుందో మాత్రం తెలుసు. తెలిసినదాన్ని రాసిపెట్టుకుని, తెలియనిదాన్ని అప్పుడు చూసుకుందాం అనుకోవడం. ఇది ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ, నేను ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ ఒక్క జాబితాలోనే ఉంది.

అయితే 2022లో ఏమైందంటే, గోదావరికి పెద్ద వరదలు సాధారణంగా ఆగస్టులో వస్తాయి. 1986లో 75.6 అడుగులు వచ్చింది ఆగస్టులో. 1990లో 70.8 వచ్చిందీ ఆగస్టులోనే. 2022లో మాత్రం జులై రెండో వారంలోనే పెరగడం మొదలైంది. 16వ తేదీకి 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అవతలి ఒడ్డు వాళ్లు అవతలే, ఇవతలి వాళ్లు ఇవతలే. 1986 తర్వాత పట్టణానికి కట్టిన కరకట్ట నదిని ఆపింది. కానీ నది పెరిగినప్పుడు కట్టకున్న తూములు మూయాలి, మూస్తే ఊళ్లో వాన నీరు బయటికి పోదు, మోటార్లు పెట్టి తోడాలి. కట్ట కట్టాక వరదతో పాటు కరెంటు గురించి, మోటార్ల గురించి కూడా బెంగపడాల్సి వచ్చింది.

మా బావమరిది అప్పట్లో చేస్తున్న పంచాయతీ పట్టణంలో కాదు, దిగువన. ప్రణాళికలో పునరావాస కేంద్రం అని రాసిన బడికి వెళ్లే దారిలో ఒక వాగుంది. గోదారి నీళ్లు ఎగదన్నితే ముందు మునిగేది ఆ వాగు దగ్గర రోడ్డే. అంటే బడి పొడిగానే ఉంటుంది, కాకపోతే అక్కడికెవరూ వెళ్లలేరు. అర్ధరాత్రి వాడు ఆ రోడ్డు చూసి, వెనక్కొచ్చి, గుట్ట మీద చర్చి పాస్టరు గారిని నిద్ర లేపి తాళం తీయించాడు. రెండు ట్రాక్టర్లలో జనాన్ని చర్చికి చేర్చాడు. డీజిల్ కోసం జేబులో ఉన్నదంతా ఇచ్చాడు. పంచాయతీ డబ్బు తీయాలంటే సర్పంచి, ఉపసర్పంచి ఇద్దరూ చెక్కు మీద సంతకం పెట్టాలి. ఆ ఊళ్లో వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. మునుగుతున్న ఊళ్లో ఇద్దరి మధ్య రాయబారం నడపడం కన్నా డీజిల్ కొనడమే తేలికనిపించింది వాడికి.

ఇంతవరకూ టీ కొట్టు పక్షం గెలిచినట్టే. అసలు కథ తర్వాత మొదలైంది. బియ్యం, కూరగాయలు, వంటచెరకు బిల్లులు పెట్టాల్సి వచ్చినప్పుడు చిక్కొచ్చింది. కాగితం ప్రకారం కేంద్రం బడి. చర్చి ఎక్కడా లేదు. చర్చిలో వండిన అన్నానికి బిల్లెలా? ఎవరి ఉత్తర్వు మీద కేంద్రం మార్చారు? ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెబుతారు? పది రోజులు తిరిగాక అనుభవజ్ఞుడైన ఒక ఉద్యోగి ఉపాయం చెప్పాడు. బిల్లులో బడి పేరే రాయమన్నాడు. రాశారు. చాలా నెలలకు పాసైంది.

ఆ తర్వాతి ఏడాది ప్రణాళికలో పునరావాస కేంద్రం కింద మళ్లీ బడే ఉంది. ఎందుకుండదు? 2022లో అంత పెద్ద వరదలో అక్కడే అంతమందికి అన్నం పెట్టినట్టు బిల్లుంది కదా.

ఈ ముక్క దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రణాళిక తప్పింది, మనిషి సరిదిద్దాడు. కానీ సరిదిద్దినట్టు ఒప్పుకుంటే వాడికే ముప్పు కాబట్టి ఆ దిద్దుబాటును కాగితం మింగేసింది. మా వాడు ఆ ఊరు నుంచి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినవాడికి వాగు సంగతి తెలియదు, చర్చి సంగతి తెలియదు. వాడి చేతిలో ఉన్నది బడి పేరున్న కాగితం.

ఆగస్టు 31న వచ్చిన అమ్మాయి

గోదావరి మర్యాద గల నది. వస్తున్నానని రెండు రోజుల ముందు చెబుతుంది. బుడమేరుకి ఆ అలవాటు లేదు.

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరద నీటిని మళ్లింపు కాలువలోంచి కృష్ణలోకి పంపిస్తారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకి ఆ కాలువకే గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, ఎన్నడూ లేనంతగా పొంగింది. బుడమేరు నీళ్లు పాత దారి వెతుక్కుంటూ విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు వచ్చాయి. 2005లోనూ ఆ వైపు మునిగింది. కానీ "ఎంతుంది?" అని అడిగితే చెప్పడానికి అక్కడెవరి నోటా ఒక అంకె లేదు. అసలు తమ ఇంటి వెనక వాగుందని తెలియని అద్దెకాపురాలే ఎక్కువ.

మా పెద్దమ్మ ఆ వైపే ఒక కాలనీలో ఉంటుంది. డెబ్బై దాటాయి, మోకాళ్లు వంగవు. వితంతు పింఛను నాలుగు వేలు. ఆ నెల ఒకటో తేదీ ఆదివారం పడిందని ఆగస్టు 31 శనివారమే పింఛన్లు పంచారు. జోరువానలో గొడుగేసుకుని సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చింది, పెద్దమ్మ వేలిముద్ర తీసుకుంది, డబ్బిచ్చింది. "నీళ్లు తాగమ్మా అంటే, ఇంకా చాలా ఇళ్లున్నాయి మామ్మగారూ అని పరిగెత్తింది" అని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడు ఆ గదిలోకి నీళ్లొచ్చాయి. పైవాటా వాళ్లు పెద్దమ్మను మోసుకుని మేడెక్కించారు. బీపీ మాత్రలు కింద అలమరలో ఉండిపోయాయి. నేను హైదరాబాద్ నుంచి దొరికిన ప్రతి నంబరుకీ ఫోన్ చేశాను. ఒకచోట ఎత్తారు. ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు, కానీ వేరే జిల్లా నుంచి డ్యూటీకి వచ్చాడు. "ఏ వీధి సార్, దగ్గర్లో ఏముంటుంది, లొకేషన్ పంపించండి" అన్నాడు. మేడ మీద అప్పటికే ఫోన్లన్నీ చచ్చిపోయి ఉన్నాయి. నేను చిన్నప్పటి గుర్తులు చెప్పాను, రామాలయం, పిండిమర. రామాలయాలు ఆ చుట్టుపక్కల మూడో నాలుగో ఉంటాయి.

మంగళవారం సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. వచ్చింది కేబుల్ టీవీ కుర్రాడు. ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు కట్టి, మీద తలుపు చెక్క వేసుకుని వచ్చాడు. ఏ మేడ మీద ఎవరుంటారో, ఎవరికి షుగరో, ఎవరింట్లో పసిపిల్లలున్నారో వాడికి తెలుసు. నెలనెలా డబ్బు వసూలుకి గడప గడపకీ తిరిగేవాడు కదా. మాత్రల చీటీ తీసుకెళ్లి మాత్రలు తెచ్చాడు.

ఆ రోజుల్లో యంత్రాంగం ఖాళీగా కూర్చుందని నేననను. ముఖ్యమంత్రి విజయవాడ కలెక్టరేట్‌లోనే మకాం పెట్టారు. డ్రోన్లతో ఆహార పొట్లాలు వేశారు. తెగిన గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. తర్వాత ఫైరింజన్లతో ఇళ్లు కడిగారు, వేరే ఊళ్ల నుంచి పారిశుధ్య కార్మికుల్ని తెచ్చారు. ఇందులో చాలా భాగం అప్పటికప్పుడు ఆలోచించిందే. బానే ఆలోచించారు. అయినా ఫ్లైఓవర్ దగ్గర, మెయిన్ రోడ్డు దగ్గర ఉన్నవాళ్లకి నాలుగేసి పొట్లాలు అందాయి, లోపలి వీధుల్లో వాళ్లకి ఒకటీ అందలేదు.

నన్ను కెలికేది ఏంటంటే, వరదకి సరిగ్గా ఒకరోజు ముందు ఒక్కో వృద్ధుడి ఇంటికీ, ఒక్కో వికలాంగుడి ఇంటికీ, డయాలిసిస్ మీద ఉన్న ఒక్కో రోగి ఇంటికీ ఒక ఉద్యోగి నడిచి వెళ్లింది. తలుపు తట్టింది. ఆ మనిషి మంచం ఏ గదిలో ఉందో కూడా చూసింది. ఏ ప్రణాళికలోనైనా ముందు ఎవరిని తీసుకురావాలి అనే పేజీ ఉంటే, అది అక్షరాలా ఆ పింఛను జాబితాయే. ఉంది, తాజాగా ఉంది, ఒక్కరోజు కిందటిది. ఆదివారం నాడు అది పింఛను జాబితాగానే ఉండిపోయింది.

నష్టం లెక్కలు రాయడానికి ఆ అమ్మాయే మళ్లీ వచ్చినప్పుడు నేను అక్కడున్నాను. కోపంగా అడుగుదామనుకున్నాను. ఆమె పక్క కాలనీలో ఉంటుందట. రెండు రోజులు చిన్నపిల్లతో మేడ మీదే ఉందట. "మా వీధిలోకి పడవొస్తే నేనే ఎక్కి చూపించేదాన్నండీ అందరి ఇళ్లూ" అంది. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్థానికుల మీదే అంతా వదిలేయాలనే వాళ్లకి ఇదే నా మొదటి అడ్డుప్రశ్న. ఊరు మునిగినప్పుడు ఊరిని ఎరిగినవాడు కూడా మునుగుతాడు. బయటినుంచి వచ్చినవాడికి చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి రాసి ఉండాలి. వాడికి వీధులు తెలియవు కాబట్టి పేర్లయినా ఉండాలి.

జేసీబీ

అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేదు. రాత్రి కమ్ముకుంటుండగా, హర్యానా నుంచి పనికొచ్చిన ఒక జేసీబీ డ్రైవరు బండి తీసుకుని ఆ నీళ్లలోకి వెళ్లి తొమ్మిది మందినీ తెచ్చాడు. ఆ వీడియో నేనూ పదిసార్లు చూశాను, అందరికీ పంపాను. ఆ మనిషికి ఎంత దండం పెట్టినా తక్కువే.

కానీ నాలో ఒక పీడ మనిషి ఉన్నాడు, వాడు ఊరుకోడు. ఆ బండి కొట్టుకుపోయి ఉంటే? పదిమంది పోయేవారు. అప్పుడు ఇదే వీడియో కింద మనం "బుద్ధి లేకుండా ఎవరు పంపారు" అని రాసేవాళ్లం. అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయాల్లో గెలిచినవే మనకు కథలుగా మిగులుతాయి. ఓడినవాటి మీద విచారణ కమిటీ పడుతుంది. అందుకే ఉద్యోగం ఉన్నవాడు కాలు కదపడు, ఉద్యోగం పోతుందనే భయం లేనివాడు బండి తీస్తాడు. వీరుడు దొరకడం మన అదృష్టం, దాన్ని ఏర్పాటు అనుకుంటే మాత్రం మోసపోతాం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ వరద వచ్చిన రోజున తెలంగాణ పల్లెల్లో సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం ముగిసింది, దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులతోనే నడిచింది. గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) వ్యవస్థను 2020లోనే తీసేశారు. ఆ తర్వాత 2025లో గ్రామ పాలనాధికారులని పేరు మార్చి మళ్లీ పల్లెల్లో మనుషుల్ని పెట్టుకున్నారు. వీఆర్వోల మీద ఉన్న అవినీతి ఆరోపణలు అబద్ధమని నేననడం లేదు, మా పొలం పాసుబుక్కు అనుభవం నాకూ ఉంది. కానీ ఏ చెరువు కట్ట ఎక్కడ బలహీనమో, ఏ ఒర్రె ఎప్పుడు పొంగుతుందో తెలిసిన మనిషిని తీసేసినప్పుడు ఆ తెలివిని ఎవరూ రాసుకోలేదు.

2018లో కేరళలో మత్స్యకారులు సొంత పడవలతో వచ్చి వేలమందిని కాపాడారు. అది ఏ ప్రణాళికలోనూ లేదు. నాకు దానికన్నా నచ్చిన విషయం ఆ తర్వాతిది. 2020 నాటికి అక్కడి పంచాయతీలు, మున్సిపాలిటీలు తమ తమ విపత్తు ప్రణాళికలు తామే రాసుకున్నాయి. అనుకోకుండా దొరికినదాన్ని అనుకున్నదానిలో కలుపుకునే ప్రయత్నమైనా చేశారు. మా వాడి చర్చికి అంత భాగ్యం లేకపోయింది.

రిటైరైన పెద్దాయనతో గొడవ

ఇదంతా మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక పెద్దాయనతో చెప్పాను. కోస్తాలో రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన నన్ను ఉతికి ఆరేశారు.

"నువ్వు ఆ కాగితాన్ని వెక్కిరిస్తున్నావు. 1977లో దివిసీమకి ఆ కాగితం కూడా లేదయ్యా. పదివేల మంది పోయారు. 1990 మే తుపాను వచ్చింది కూడా ఆ తీరానికే. వెయ్యి లోపు. తేడా ఎక్కడినుంచి వచ్చింది? షెల్టర్లు కట్టాం, జాబితాలు రాశాం, ఎవరు ఏ ఊరికెళ్లి జనాన్ని లేపాలో ఉత్తర్వులిచ్చాం. ఖాళీ చేయమంటే తిట్టేవాళ్లు. కోడిపెట్టను వదిలి రాను అనేవాళ్లు. చేతిలో కాగితం ఉంది కాబట్టే లాక్కొచ్చాం."

నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. అయితే ఆయన తర్వాత అన్నమాట నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"మీ బావమరిది మంచోడు కాబట్టి చర్చి తాళం తీయించాడు. ఇంకోడైతే ట్రాక్టరు ముందు తన కులపోళ్ల వీధికి పంపేవాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఊరి చివర ఉన్న పల్లెకి పడవ ఎప్పుడూ చివర్నే వెళ్లేది. ఇసుక బస్తాలు వందేసి వెయ్యి రాసుకున్నవాళ్లనీ చూశాను. వరదంటే కొందరికి పండగ. స్వేచ్ఛ స్వేచ్ఛ అంటావు. రూలు మంచోడి కోసం రాయరు."

రెండు రోజులు దీన్ని నమిలాను. ఆయన చెప్పింది ఒప్పుకుంటూనే ఒకటి గమనించాను. ఆయన భయపడుతున్నది ఎవరిని ముందు తీసుకురావాలి అనే విషయంలో స్వేచ్ఛ ఇవ్వడం గురించి. నేను అడుగుతున్నది ఎలా తీసుకురావాలి అనే విషయంలో స్వేచ్ఛ. రెండూ వేరు. మన ప్రణాళికలు సరిగ్గా తిరగేసి పనిచేస్తున్నాయి. ఏ బడి, ఏ పడవ, ఎన్ని టార్చిలైట్లు అంటూ ఎలా అనేదాన్ని మేకులు కొట్టి బిగిస్తాయి. ఎవరు ముందు అనేదాన్ని మాత్రం ఆనాటి మనుషుల దయకి వదిలేస్తాయి. రాయాల్సింది రెండోది. ఏ వీధిలో మంచం దిగలేని ముసలావిడ ఉంది, ఏ గుడిసెలో నెలలు నిండిన పిల్ల ఉంది, ఏ వాడ అన్నిటికన్నా పల్లంలో ఉంది. పల్లంలో ఉండేది సాధారణంగా ఏ వాడో అందరికీ తెలుసు. అది పేర్లతో, వరసతో కాగితం మీద ఉంటే పడవ ముందు ఎటు వెళ్లాలో ఎవరి కులమూ నిర్ణయించదు. వాళ్లని పడవలో తేవాలా, ట్రాక్టర్లోనా, తలుపు చెక్క మీదా, బడికా, చర్చికా అనేది మాత్రం అప్పుడు అక్కడున్న మనిషికి వదిలేయాలి.

ఇంకొకటి, డబ్బు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలో 50వ సెక్షన్ ఉంది. అత్యవసరమైతే టెండర్లు లేకుండా కొనడానికి అది వీలిస్తుంది. అంటే చట్టం రాసినవాళ్లకి ఈ చిక్కు తెలుసు. కాకపోతే ఆ అనుమతి ఇచ్చే అధికారం జాతీయ, రాష్ట్ర, జిల్లా సంస్థలకే. అర్ధరాత్రి వాగు దగ్గర నిలబడ్డ కార్యదర్శి దాకా అది దిగదు. 2025 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్లున్న నగరాలకు కమిషనర్ అధ్యక్షతన విడిగా విపత్తు సంస్థ పెట్టుకునే వీలొచ్చింది. మంచిదే, విజయవాడ లాంటి చోట ఉపయోగపడొచ్చు. పంచాయతీకి మాత్రం ఇప్పటికీ ఉన్నది నింపాల్సిన గడులే.

మళ్లీ ఆ మూడంకెల దగ్గరికే వస్తాను. 43, 48, 53 హెచ్చరిస్తాయి, బాగా హెచ్చరిస్తాయి. కానీ వాటితో పాటు ఎవరి చేతికీ ఏ అధికారమూ రాదు. నా కోరిక చాలా చిన్నది. నీళ్లు 43కి రాగానే కార్యదర్శి ఎవరినీ అడక్కుండా ట్రాక్టరు పిలవొచ్చు అని ముందే రాసి ఉండాలి. 48కి రాగానే ఇంత మొత్తం లోపల ఒక్క సంతకంతో ఖర్చు పెట్టొచ్చు, ఊళ్లో ఏ గట్టి కట్టడాన్నయినా తెరిపించొచ్చు అని ఉండాలి. నీళ్లు దిగిపోతే ఆ అధికారమూ దిగిపోవాలి. తర్వాత నెలలోపు గ్రామసభలో లెక్క చెప్పాలి, ఏం మార్చాడో ఎందుకు మార్చాడో చెప్పాలి, అది వచ్చే ఏడాది కాగితంలోకి ఎక్కాలి. చర్చి అని రాసినందుకు ఎవరికీ మెమో రాకూడదు.

పెద్దాయన దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. "గ్రామసభకి ఎవడొస్తాడయ్యా" అన్నారు. అది కూడా నిజమే. మా వాడి ఊళ్లో కిందటి గ్రామసభకి వచ్చినవాళ్లలో సగం మంది టీ కోసం వచ్చారట. బుడమేరు లాంటి చోట నీళ్లు పెరిగే గంటల్లో ఈ మెట్ల పద్ధతి ఎంతవరకు నిలుస్తుందో కూడా నాకు అనుమానమే. అక్కడ ముందు ఆ కాలనీవాళ్ల నోటికి ఒక అంకె రావాలి. వెలగలేరు దగ్గర ఎంతుంటే తమ గడప దగ్గర ఎంతవుతుందో వాళ్లకెవరైనా చెప్పాలి. పెద్దమ్మ ఇప్పుడు మాత్రల డబ్బా మేడ మీద వాళ్లింట్లోనే ఉంచుతోంది. అదొక్కటే మా కుటుంబం చేసుకున్న ముందస్తు ప్రణాళిక.

జులైలో బావమరిదికి నేనే ఫోన్ చేశాను. పింఛన్ల జాబితా ప్రింటు తీసి, మంచం దిగలేనివాళ్ల పేర్లకి ఎర్ర పెన్నుతో చుట్టి జేబులో పెట్టుకున్నానన్నాడు. పదకొండు మంది. పక్కూరి ఇసుక రేవులో మర పడవ నడిపే అతని నంబరు కూడా దాని వెనకాలే రాసుకున్నాడట. ఆ పడవ వేరే పంచాయతీది కాబట్టి ఫారంలో రాయడానికి వీల్లేదు.

"మరి ఆ గడిలో చివరికి ఏం రాశావ్?" అన్నాను.

"ఖాళీగా వదిలేద్దామనుకున్నా బావా. ఆన్‌లైన్‌లో ఖాళీ తీసుకోవట్లేదు. రెండని కొట్టా."